పసుపు కాగితం మీద ఎండ బొమ్మ: చిన్నపిల్లలతో కలిసి ఇంట్లోనే ఫొటో అచ్చువేయడం ఎలా

పసుపు మరక పడిన చొక్కాకు సబ్బు రాస్తే ఆ మరక ఎర్రబడుతుందనీ, అదే చొక్కాను రెండు రోజులు మంచి ఎండలో ఆరేస్తే మరక దానంతట అదే వెలిసిపోతుందనీ మన ఇళ్లలో బట్టలుతికిన ప్రతివారికీ తెలుసు. ఈ రెండు సంగతులనూ ఒక కాగితం మీదికి తెస్తే ఫొటో తయారవుతుంది. కాగితానికి పసుపు పూసి, దానిమీద ఒక ఆకును ఉంచి ఎండలో పెడితే, ఆకు కప్పిన చోట పసుపు నిలుస్తుంది, మిగిలిన చోటంతా వెలిసిపోతుంది. ఆ తరువాత వంటసోడా కలిపిన నీళ్లు చల్లితే, నిలిచిన పసుపు ఇటుక రంగుకు తిరిగి ఆకు ఆకారం తేటగా బయటపడుతుంది. కెమెరా లేకుండా, చీకటి గది లేకుండా, పిల్లల చేతులకు అందే వస్తువులతో చేయగలిగిన ఫొటో ఇది. ఆకులతో మొదలుపెట్టి, చివరకు మీరు ఫోనులో తీసిన మీ పిల్లల ముఖాన్నే పసుపు కాగితం మీద అచ్చువేసుకునే దాకా ఈ పనిని ఎలా సాగించాలో ఇక్కడ క్రమంగా చెబుతాను. మూడేళ్లు నిండిన పిల్లల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల వరకు ఇది బాగా కుదురుతుంది.

మొక్కల రంగులు ఎండకు వెలిసే గుణంతో బొమ్మలు తీయవచ్చునని 1842లోనే జాన్ హెర్షెల్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త అనేక పువ్వుల రసాలతో ప్రయోగాలు చేసి ప్రకటించాడు. వాటిలో చాలా రసాలకు రోజులు, కొన్నిటికి వారాల ఎండ కావాలి. పసుపుకు మాత్రం మన ఎండలో కొన్ని గంటలు చాలు. చిన్నపిల్లల ఓపికకు తగిన రంగు అది ఒక్కటేనని, రెండు వేసవులు బచ్చలి పండ్లతోనూ బీట్‌రూట్‌తోనూ ఎదురుచూసి విసిగిన తరువాత మా ఇంట్లో మేము నిర్ణయించుకున్నాము.

ముందుగా సమకూర్చుకోవలసినవి

పసుపు రెండు టీ చెంచాలు చాలు. వీలైతే కొమ్ములు కొట్టించిన పసుపు వాడండి. నిజామాబాదు నుంచో దుగ్గిరాల నుంచో చుట్టాలు తెచ్చి ఇచ్చిన పసుపు డబ్బాలో ఉంటే అది మరీ మంచిది. దుకాణంలో కొన్న పొడిలో వేరే రంగు కలిసి ఉంటే అది పసుపు వెలిసినట్టు వెలవకపోవచ్చు, అప్పుడు పిల్లలు గంటల తరబడి కూర్చుని ఏమీ చూడకుండానే లేవవలసి వస్తుంది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, స్పిరిట్‌లో మాత్రం చక్కగా కరుగుతుంది. అందుచేత మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ వంద మిల్లీలీటర్ల సీసా ఒకటి తెచ్చుకోవాలి. కాగితం మందంగా ఉండాలి. నోటుబుక్కు కాగితం తడికి ముడతలు పడుతుంది కాబట్టి, వాటర్ కలర్ వేసుకునే 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత) కాగితాన్ని గాని, అది దొరకనప్పుడు మందపాటి డ్రాయింగ్ షీటును గాని నోటుబుక్కులో సగం సైజుకు కత్తిరించుకోండి.

వీటితోపాటు ఒక అంగుళం వెడల్పు బ్రష్షు, స్టీలు గిన్నె లేదా గాజు గిన్నె, వడకట్టడానికి పలుచని పాత గుడ్డ, నాలుగు బైండర్ క్లిప్పులు, ఒక అట్ట, వంటసోడా, నీళ్లు చల్లే స్ప్రే సీసా, పాత వార్తాపత్రికలు కావాలి. అద్దం కోసం వాడకుండా పడి ఉన్న ఫొటో ఫ్రేములోని గాజుపలక సరిపోతుంది. అయితే ఆ పలక అంచుల చుట్టూ పిల్లల కంటపడకముందే టేపు అంటించండి. అంచులు కోసుకుంటాయన్న భయంతో పిల్లల చేతిని మాటిమాటికీ పక్కకు తోసే పరిస్థితి వస్తే ఈ పనిలో ఉన్న ఆనందమంతా పోతుంది.

మొదటి రోజు సాయంత్రం: ఆకులు ఏరుకోవడం

పని ముందురోజు సాయంత్రమే మొదలుకావాలి. కోసిన ఆకులు ఒక రాత్రి బరువు కింద నలిగి, తడి ఆరి, బల్లపరుపుగా అయితేనే కాగితానికి అంటుకుని అంచులు తేటగా వస్తాయి. మొదటిసారి మేము ఈ సంగతి తెలియక, అప్పుడే కోసిన జామ ఆకును అద్దం కింద బిగించి మే నెల ఎండలో పెట్టాము. ఆకులోని తడి ఆవిరై అద్దానికి పట్టి, చుక్కలుగా కాగితం మీదికి దిగి, ఆకు ఉన్న చోట ఒక పెద్ద మచ్చ మాత్రమే మిగిలింది. మా అమ్మాయి దానిని చూసి ‘మబ్బు వచ్చింది’ అంది గాని, తాను కోరుకున్నది మబ్బు కాదని దాని ముఖంలో తెలుస్తూనే ఉంది.

ఏ ఆకులు ఏరాలో చెప్పే ముందు ఏవి ముట్టకూడదో పిల్లలకు చూపించండి. జిల్లేడు పాలు కంటికి ప్రమాదం. గన్నేరు, ఉమ్మెత్త విషపు మొక్కలు. ఖాళీ స్థలాల్లో ఎక్కడబడితే అక్కడ పెరిగే వయ్యారిభామ ఆకు లేసు అల్లినట్టు అందంగా ఉండి పిల్లలను ఇట్టే ఆకర్షిస్తుంది, కాని అది తగిలితే చాలామందికి ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. వీటిని తప్పించిన తరువాత ఎంపికను వారికే వదలండి. వేప రెమ్మ రంపపు అంచులతో బాగా వస్తుంది. మునగ, చింత, కరివేపాకు రెబ్బలు చిన్న చిన్న ఆకులు వరుసగా తీరి ఉండడం వల్ల కాగితం మీద ముగ్గులా కనిపిస్తాయి. పలుచని ఆకు గుండా కొంత వెలుతురు దిగుతుంది కాబట్టి ఎక్కువసేపు ఎండలో ఉంచితే ఈనెలు కూడా పడవచ్చు. తమలపాకు, మామిడాకు వంటివి నిండు ఆకారంగానే వస్తాయి. ఆకులే కానక్కరలేదు: కోడి ఈక, దారపు చిక్కు, గడ్డిపరక, విరిగిన గాజు ముక్క తప్ప పిల్లల జేబులో దొరికే చాలా వస్తువులు పనికివస్తాయి.

ఈ ఏరుకునే వేళలోనే మీ కెమెరాకు మొదటి పని ఉంది. సాయంత్రం అయిదు దాటాక పడే నీరెండ ముఖాలను కందనివ్వదు, కళ్లు చికిలించనివ్వదు. ముందుగా ఫోను కటకాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. వంటింటి నూనె చేతుల ముద్ర దానిమీద ఉంటే ఫొటో అంతా పొగ పట్టినట్టు వస్తుంది. ఆ తరువాత మోకాళ్లమీద కూర్చుని, ఫోనును పిల్లల కళ్ల ఎత్తుకు దించండి. నిలబడి తీసిన ఫొటోలో పిల్లల నడినెత్తి కనిపిస్తుంది తప్ప వాళ్లు చూస్తున్న ఆకు కనిపించదు. ‘ఇటు చూడు’ అనీ ‘నవ్వు’ అనీ పిలవకండి, ఎందుకంటే అలా పిలిచిన క్షణంలోనే ఆకు మీద ఉన్న ధ్యాస చెదిరిపోయి, మీకు కావలసిన ముఖం మాయమై ఫొటో కోసం పెట్టిన ముఖం మిగులుతుంది. ఆకును తుంచుతున్న వేళ్లను, దోసిట్లో పోగైన ఆకులను దగ్గరగా తీయండి. నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఆకులు ఏరేటప్పుడు మూడు ఫొటోలు, అంతకు మించి తీయను. ఒక చేత్తో ఫోను పట్టుకున్న తల్లి గాని తండ్రి గాని రెండో చేత్తో కొమ్మ వంచి ఇవ్వడం కష్టం, పిల్లలకు కావలసింది కొమ్మ వంచే చెయ్యి.

మూడు ఫొటోలు అయ్యాక ఫోనును పిల్లలకే ఇవ్వండి. మెడలో వేసుకునే తాడు కట్టి ఇస్తే పడిపోతుందన్న భయం ఉండదు. తెరమీది గుండ్రని గుర్తును నొక్కబోతే చిన్న చేతుల్లో ఫోను కదిలిపోతుంది కాబట్టి, శబ్దం పెంచే పక్క మీటతో ఫొటో తీయడం చూపించండి. వాళ్లు తీసినవి చెప్పుల ఫొటోలు కావచ్చు, గేటు కింద దూరిన కుక్కపిల్ల తోక కావచ్చు, సగం తెగిన మీ ముఖం కావచ్చు. వాటిని చెరిపివేయకుండా వేరుగా దాచండి. మూడడుగుల ఎత్తునుంచి మీ వీధి ఎలా ఉంటుందో చూపించగలిగేవి ఆ ఫొటోలే.

ఇంటికి రాగానే ఆకులను వార్తాపత్రిక మడతల మధ్య పరచి, పైన బరువైన పుస్తకాలు పెట్టి తెల్లవార్లూ ఉంచండి.

ఆ రాత్రి: కాగితానికి పసుపు పూయడం

ఇది పెద్దవాళ్లు చేయవలసిన పని. స్పిరిట్‌కు నిప్పు త్వరగా అంటుకుంటుంది. కనుక పొయ్యి, దీపం, అగరువత్తి ఏవీ దగ్గర లేకుండా చూసుకుని, కిటికీ తెరిచి, వీలైతే పిల్లలు నిద్రపోయాక చేయండి. గిన్నెలో రెండు చెంచాల పసుపు వేసి, అందులో సుమారు 60 మిల్లీలీటర్ల స్పిరిట్ పోసి బాగా కలిపి, మూతపెట్టి పది నిమిషాలు తేరనివ్వాలి. మడ్డి అడుక్కు చేరిన తరువాత పైనున్న తేటను గుడ్డలో వడకట్టాలి. మడ్డి కలిస్తే పూత గరుకుగా ఉండి, వెలిసిన తరువాత కూడా చుక్కలు చుక్కలుగా పసుపు మిగిలిపోతుంది.

వార్తాపత్రిక మీద కాగితం పరచి, బ్రష్షును తేటలో ముంచి, గిన్నె అంచుకు ఒకసారి ఒత్తి, ఒకే దిశలో ఎడమనుంచి కుడికి పూయండి. స్పిరిట్ కొద్ది నిమిషాల్లోనే ఆరిపోతుంది. ఆరిన తరువాత రెండో పూతను పైనుంచి కిందికి వేయండి. రెండు దిశల్లో పూస్తే చారలు తగ్గుతాయి, రంగు నిండుగా పడుతుంది. కాగితం అంచు దాకా పూసి తీరాలన్న పట్టుదల అక్కరలేదు. బ్రష్షు ఆగిన చోట ఎగుడుదిగుడుగా మిగిలే తెల్లని అంచు బొమ్మకు మంచి చట్రం అవుతుంది. గదిలోని దీపపు వెలుతురు ఈ కాసేపటిలో చేసే నష్టం ఏమీ లేదు, కాని ఆరిన కాగితాలను వెంటనే బీరువాలోనో సొరుగులోనో చీకట్లో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేయాలి. ఒకేసారి ఎనిమిది పది కాగితాలు పూసుకోవడం మంచిది, ఎందుకంటే మొదటి బొమ్మ తేలగానే పిల్లలు ఇంకోటి అడుగుతారు.

మరునాడు పొద్దున్న: ఎండలో పెట్టడం

పాత బనియన్లు వేయించి, పిల్లలను నీడలో కూర్చోబెట్టి, అట్టమీద పసుపు కాగితాన్ని పూత పైకి ఉండేలా పెట్టి, ఆకులను వాళ్ల ముందుంచండి. ఇక్కడ మీరు చేయవలసిన పని మౌనంగా ఉండడం. ‘ఆ ఆకు మధ్యలో పెట్టు’, ‘ఇది తిప్పి పెట్టు’ అని చెప్పకండి. ఒక పిల్ల ఒక్క చింతాకును మూలన పెట్టి ‘అయిపోయింది’ అంటే అది అయిపోయినట్టే. ఇంకొకడు ఆకుమీద ఆకు గుట్టగా పోస్తే, అద్దం సరిగా ఆనదని ఒక్క మాట చెప్పి, ఏవి తీయాలో వాడినే తేల్చుకోనివ్వండి. అమరిక పూర్తయ్యాక అద్దం ఉంచి, రెండు వైపులా క్లిప్పులు మీరే బిగించండి, వాటి పట్టు చిన్న వేళ్లకు గట్టిది.

డాబామీద గాని వాకిట్లో గాని కనీసం మూడు గంటలు కదలని ఎండ పడే చోటు చూసి తొమ్మిది గంటల ప్రాంతంలో పెట్టండి. ఎంతసేపు ఉంచాలన్నది ఎండ తీవ్రతను, పూత మందాన్ని బట్టి గంట నుంచి నాలుగు గంటల దాకా మారుతుంది. మీ చోట ఎంత పడుతుందో కచ్చితంగా తెలియాలంటే మొదటి కాగితాన్ని పరీక్షకు వాడండి: ఆకు ఏమీ లేకుండా, ఒక మందపాటి నల్లకాగితంతో మొత్తం కప్పి, అరగంటకొకసారి రెండు వేళ్ల వెడల్పున ఆ నల్లకాగితాన్ని వెనక్కి జరపండి. చివరకు మెట్లుమెట్లుగా లేతబడిన పసుపు చారలు కనిపిస్తాయి. ఏ చార దాదాపు తెల్లగా వెలిసిందో చూసి, దానికి పట్టిన సమయాన్ని పెన్సిలుతో రాసి పెట్టుకుంటే ఆ వారమంతా అదే లెక్క. ఆరేడేళ్ల పిల్లలు గడియారం చూసి కాగితం జరిపే బాధ్యతను ఎంతో నిష్ఠగా చేస్తారు, అప్పుడే అరగంట అంటే ఎంతో వాళ్లకు తెలుస్తుంది.

పసుపును వెలిసేలా చేసే వెలుతురులో ముఖ్యమైన భాగం ఊదా, నీలం కాంతి. అది కిటికీ అద్దాన్ని కూడా దాటి వస్తుంది. కాబట్టి డాబా లేని అపార్టుమెంటులో ఉన్నవాళ్లు ఎండపడే కిటికీ గట్టుమీద పెట్టినా పని జరుగుతుంది, కాకపోతే ఇంకొంత సమయం పడుతుంది. చలి దేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లు శీతకాలంలో దీనికి పూనుకోకపోవడమే మంచిది. అక్కడి డిసెంబరు ఎండకు రోజులు పట్టవచ్చు, అన్ని రోజులు నాలుగేళ్ల పిల్ల ఆగలేదు. జూన్, జూలైలలో అక్కడ పగలు ఎంతో పొడుగు, అప్పుడు చేసుకోవచ్చు. మన దగ్గర ఆ నెలలే మబ్బులు.

ఒక్క జాగ్రత్త మరువకండి. ఎండ కావలసింది కాగితానికి, పిల్లలకు కాదు. ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక వాళ్లను డాబామీద ఉంచవద్దు. ఆ అద్దం కూడా ముట్టుకుంటే చురుక్కుమంటుంది. మధ్యలో చూడాలనిపిస్తే ఒక వైపు క్లిప్పులు మాత్రం తీసి, అద్దం అంచు కొద్దిగా ఎత్తి చూసి మళ్లీ దించండి. రెండు వైపులా క్లిప్పులు తీస్తే ఆకు జరిగిపోయి బొమ్మకు జంట అంచులు వస్తాయి.

ఎండ ముదరకముందు, కాగితం పెట్టిన ఆ కాసేపట్లోనే చేయదగిన పని ఇంకొకటి ఉంది. పిల్లవాణ్ణి డాబామీద నిలబెట్టి, నేలమీద పడిన నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. పాదాలు ఆనిన చోటును కూడా గుర్తు పెట్టండి. కాగితాన్ని తీసే వేళకు ఒక్క నిమిషం అదే పాదముద్రల మీద మళ్లీ నిలబెడితే, పొడుగాటి నీడ కురచబడి వేరే దిక్కుకు తిరిగి ఉంటుంది. ఈ రెండు గీతలనూ, మధ్యలో నిలబడిన బిడ్డనూ మెట్లమీదినుంచి కిందికి చూస్తూ ఒక ఫొటో తీయండి. ఎండ కదులుతుందని పుస్తకంలో చదవకముందే చూసిన పిల్లలు ఆ సంగతిని మరచిపోరు.

వంటసోడా నీళ్లు చల్లడం

ఆ రోజంతటిలో ఇదే గొప్ప క్షణం, కాబట్టి ముందే సిద్ధం కండి. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక చెంచా వంటసోడా పూర్తిగా కరిగించి స్ప్రే సీసాలో పోయండి. కాగితాన్ని నీడలోకి తెచ్చి, అద్దం తీసి, ఆకును తీసే పనిని పిల్లలకు అప్పగించండి. ఆకు లేవగానే దాని కింద దట్టమైన పసుపు ఆకారం, చుట్టూ లేత మీగడ రంగు కనిపిస్తాయి. కొందరు పిల్లలు ఆకు తీశాక కూడా ఆకు అక్కడే ఉందనుకుని వేలితో గీకి చూస్తారు. ఆ చూపులు ముగిసే దాకా తొందరపెట్టకుండా ఆగి, అప్పుడు స్ప్రే సీసా చేతికివ్వండి. నీళ్లు పడిన కొద్ది క్షణాల్లోనే పసుపు నారింజకు, ఆపైన ఇటుక రంగుకు తిరుగుతుంది. పూత ఎంత దట్టంగా ఉంటే రంగు అంత ముదురుగా వస్తుంది.

పసుపులో వంటసోడా, సున్నం వంటి క్షారం కలిస్తే ఎర్రబడడం మనకు కొత్త కాదు. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీయడం పిల్లలు చూసే ఉంటారు. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి కూడా ఆ కలయికే. వాళ్ల నాయనమ్మ గాని అమ్మమ్మ గాని ఇంట్లో ఉంటే ఈ సమయానికి పిలవండి, ఇది ఎందుకు ఎర్రబడిందో ఆవిడే చెబుతారు. అయితే కాగితం మీద చల్లడానికి సున్నపు తేటను మాత్రం వాడకండి, కంట్లో పడితే ప్రమాదం. విదేశీ పద్ధతుల్లో చెప్పే వెలిగారం (బోరాక్స్) కూడా చిన్నపిల్లల చేతికి ఇవ్వదగినది కాదు. వంటసోడాతో రంగు కొంచెం తేలికగా వచ్చినా పర్వాలేదు.

కాగితం ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే నిమ్మకాయ కోసి, ఒక దూది పుల్లను రసంలో ముంచి ఇవ్వండి. ఎర్రబడిన చోట నిమ్మరసం తగిలితే మళ్లీ పసుపు పచ్చబడుతుంది. దానితో ఆకుకు కళ్లు పెట్టవచ్చు, ఈనెలు గీయవచ్చు, పేరు రాయవచ్చు. మా చిన్నవాడు వేపాకు అచ్చుకు కాళ్లు గీసి జెర్రిని చేశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో వేప రెమ్మ అంటే జెర్రి రెమ్మే.

ఈ క్షణాన్ని ఫొటో తీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని స్ప్రే సీసా పట్టుకోవడంలో సాయం చేస్తూ ఫొటో తీయడం కుదరదు. అందుచేత ముందుగానే ఫోనును నాలుగు పుస్తకాల దొంతరకు ఆనించి, కాగితమూ పిల్లల ముఖమూ రెండూ పడేలా సరిచూసుకుని, వీడియో మొదలుపెట్టి మరచిపోండి. తరువాత ఆ వీడియోలోంచి ఒక్క దృశ్యాన్ని ఫొటోగా తీసుకోవచ్చు. చొక్కాలు లేకుండా పసుపు చేతులతో ఉన్న పిల్లల బొమ్మలు మీకు ఎంత ముద్దుగా కనిపించినా, వాటిని ఇంట్లోనే ఉంచుకోండి. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టదలచినవి ముందు పిల్లలకే చూపి ‘ఇది పిన్నికి పంపనా?’ అని అడగండి. నాలుగేళ్ల వయసుకే వాళ్లు వద్దనడం తెలుసుకుంటారు, ఆ మాటకు విలువ ఇవ్వాలి.

మీ బిడ్డ ముఖాన్ని అచ్చువేయడం

ఆకులు రెండు మూడు సార్లు చేతికి అలవాటయ్యాక దీనికి రండి. పసుపు కాగితం ముదురు, లేత రంగులనే చూపుతుంది గాని నడిమి ఛాయలను సరిగా పట్టుకోలేదు, కాబట్టి మామూలు ముఖచిత్రం కంటె పక్కనుంచి తీసిన నీడబొమ్మ మేలు. పొద్దున్న పూట కిటికీకి తెల్లని దుప్పటి కట్టి, దానికి అడుగున్నర దూరంలో బిడ్డను పక్కకు తిరిగి కూర్చోబెట్టండి. గదిలోని దీపాలన్నీ ఆపండి. మీరు కిటికీకి ఎదురుగా కూర్చుని, ఫోను తెరమీద వెలుగుతున్న దుప్పటిని వేలితో తాకి, వెలుతురు తగ్గించే గుర్తును కిందికి జరిపితే ముఖం నల్లగా, వెనుక తెల్లగా అవుతుంది. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం విడివిడిగా తెలియాలి. జుట్టు ముఖం మీద పడితే వెనక్కి కట్టండి. ఇంత సేపు కదలకుండా ఉండమనడం పసివాళ్లకు శిక్ష. కాబట్టి ఎదురుగా గోడమీద ఒక బొమ్మ అంటించి, ఆ బొమ్మలో ఏమేమి ఉన్నాయో చెప్పమనండి, చెబుతుండగానే వరుసగా పది ఫొటోలు తీయండి. నోరు కొంచెం తెరిచి ఉన్నదే తరచుగా అన్నిటికంటె వాళ్లలా ఉంటుంది.

ఎంచుకున్న ఫొటోను ఫోనులోనే నలుపు తెలుపుగా మార్చి, కాంట్రాస్ట్ పూర్తిగా పెంచి, జిరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీటు, అంటే వెలుతురు దిగే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు తీయించండి. ఫొటో ఎలా ఉందో అలాగే ప్రింటు తీయమని చెప్పండి, నలుపు తెలుపులను తారుమారు చేయవద్దు. షీటులో నల్లగా ఉన్న చోటే పసుపు నిలుస్తుంది కాబట్టి నల్లనిది నల్లగానే రావాలి. నలుపు పలుచగా ఉండి వెలుతురు దిగుతున్నట్టు కనిపిస్తే రెండు షీట్లు తీయించి ఒకదానిమీద ఒకటి సరిగ్గా ఆనించండి. ఓహెచ్‌పీ షీటు దొరకని ఊరిలో, ఆ ఫొటోను మామూలు కాగితం మీద ప్రింటు తీసి, నల్లకాగితం మీద అంటించి, ముఖం అంచు వెంట కత్తిరించండి. ఆ ముక్కను ఆకులాగే వాడవచ్చు. అక్కడినుంచి పని అంతా పాతదే: పసుపు కాగితం, దానిమీద షీటు, దానిమీద అద్దం, ఎండ, వంటసోడా నీళ్లు. షీటుకు చుట్టూ పిల్లలు ఏరిన ఆకులను అమర్చితే ముఖానికి అదే చట్రం.

ఆరబెట్టడం, ఫొటో తీసి దాచడం

తడి కాగితాలను నీడలో తాడుకు క్లిప్పులతో వేలాడదీయండి. ఈ బొమ్మలు ఎప్పటికీ నిలిచేవి కావు. పసుపును వెలిసేలా చేసిన ఎండ గోడమీద వేలాడే బొమ్మను కూడా క్రమంగా తినేస్తుంది, ఇంట్లో దీనిని ఆపే ఉపాయం లేదు. అందువల్ల బొమ్మ ఆరిన రోజే దాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి. ట్యూబులైటు కింద తీస్తే రంగు పాలిపోయి గాని, మరీ పచ్చబడి గాని వస్తుంది. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన నేలమీద బొమ్మను పరచి, దాని పక్కనే ఒక తెల్లకాగితం పెట్టండి. ఫొటోలో ఆ కాగితం తెల్లగా కనిపిస్తే బొమ్మ రంగు కూడా నిజానికి దగ్గరగా ఉన్నట్టు. ఫోనులో గడుల గీతలు కనిపించేలా పెట్టుకుని, బొమ్మకు సరిగ్గా పైన, నేలకు సమాంతరంగా పట్టుకోండి. మరీ దగ్గరికి వంగకుండా కొంచెం ఎత్తునుంచి రెండింతలు జూమ్ చేసి తీస్తే అంచులు వంకర పోవు, మీ నీడ కూడా దానిమీద పడదు.

వెనుక వైపు పెన్సిలుతో తేదీ, ఊరు, ఆకు పేరు, ఎండలో ఉంచిన సమయం, బిడ్డ వయసు రాయండి. అక్షరాలు వచ్చిన పిల్లలైతే ఆకు పేరును వాళ్లే రాస్తారు. మా ఇంట్లో ఒక కాగితం వెనుక ‘మునాగ’ అని ఉంది, దాన్ని మేము దిద్దలేదు. బొమ్మలను నల్లకాగితాల మధ్య పెట్టి, మూత ఉన్న అట్టపెట్టెలో ఉంచి, చూడాలనుకున్నప్పుడు మాత్రమే తీయండి. ఓహెచ్‌పీ షీటును కూడా ఆ పెట్టెలోనే, విడిగా ఒక కవరులో దాచండి. బొమ్మ వెలిసినా షీటు మీది నలుపు చెక్కుచెదరదు కాబట్టి, వచ్చే వేసవిలో అదే ముఖాన్ని కొత్త పసుపు కాగితం మీద మళ్లీ తీయవచ్చు, లేదా ఆ ఏడాది కొత్తగా తీసిన షీటును పాతదానిమీద ఆనించి, నుదురు దగ్గర కలిపి పట్టుకుని, ముక్కు ఎంత సాగిందో గడ్డం ఎంత దిగిందో కిటికీ వెలుతురులో ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు.